మిసెస్ ఫెన్ మోటారు ప్రయాణం

హార్బాటిల్‌ని కారు గుద్దినప్పుడు లడ్‌గేట్ సర్కస్ కూడలి దగ్గర గడియారం పదకొండూ పది చూపిస్తోంది.

పైకప్పు మూసిన నల్లటి కారు. నంబరు ప్లేటు మీద బురద. జూన్ నెల, వారం రోజులుగా లండన్‌లో చినుకు లేదు, కారంతా అద్దంలా మెరుస్తోంది, బురద మాత్రం నంబరు ప్లేటు మీదే ఉంది. ఏజెంట్ విల్ఫ్ పాస్క్ ఆ సంగతి గమనించేసరికే అతని పై అధికారి హార్బాటిల్ గాల్లో ఉన్నాడు. కారు ఆగలేదు, తూర్పుగా తిరిగి మాయమైంది. ముసలాయన టోపీ మాత్రం దొర్లుకుంటూ వచ్చి పాస్క్ కాలి దగ్గర ఆగింది.

జనం మూగారు. బూడిదరంగు కోటు వేసుకున్న పెద్దమనిషి ఒకడు తాను డాక్టర్నంటూ అందరినీ తప్పించి హార్బాటిల్ పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. లోపలి జేబులో చెయ్యి పెట్టాడు. గుండె చూస్తున్నాడనుకున్నారు అందరూ. లేచి, ప్రాణం పోయిందని తల ఆడించి, టోపీ ఎత్తి, జనంలోకి నడిచిపోయాడు. పాస్క్ వెంటపడ్డాడు. మధ్యలో బస్సు అడ్డొచ్చింది. బస్సు కదిలేసరికి ఫ్లీట్ స్ట్రీట్ నిండా బూడిదరంగు కోట్లే.

వెనక్కొచ్చి శవం జేబు తడిమాడు. నోటుబుక్కు లేదు.

పాస్క్ అక్కడే రోడ్డు మీద చతికిలబడ్డాడు. పోలీసు వచ్చి దెబ్బ తగిలిందా అని అడిగాడు. తగల్లేదన్నాడు పాస్క్. నిజానికి అంతకంటే పెద్ద దెబ్బ అతనికి నలభై నాలుగేళ్లలో తగల్లేదు.

ఆ నోటుబుక్కులో ఏముందో తెలిసినవాళ్లు గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో ముగ్గురే. అందులో యోసెఫ్ లెనార్ట్ ప్రాణం ఉంది.

లెనార్ట్ ప్రాగ్ మనిషి, ఆయుధాల ఫ్యాక్టరీలో నక్షాలు గీసేవాడు. బెర్లిన్ తరఫున లండన్‌లో ముఠా నడిపే మనిషిని అతను ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఫ్యాక్టరీ మెట్ల మీద చూశాడు. పేరు తెలియదు, ముఖం చూస్తే చెబుతానన్నాడు. ఆ ఒక్క ముఖం కోసం పాస్క్ అతన్ని పోలండ్ రేవు నుంచి బొగ్గు ఓడలో, బొగ్గు కొట్టులో దాచి, నాలుగు రోజులు ఒకే దుప్పటి కింద పడుకుని తెచ్చాడు. ఇంగ్లండ్ నేల మీద నీ మీద ఈగ వాలనివ్వనని మాటిచ్చాడు. ఆ మాట ఇస్తున్నప్పుడు ఇద్దరి నోళ్లలోనూ బొగ్గు పొడే.

తర్వాత హార్బాటిల్ అతన్ని దక్షిణ తీరంలో ఎక్కడో దాచాడు. ఎక్కడో ఎవరికీ చెప్పలేదు, ఎక్కడా రాయలేదు. ఆ ఇంట్లో టెలిఫోన్ లేదు. ఉత్తరం పంపడానికి చిరునామా లేదు. లెనార్ట్‌కి కబురు చేరే దారి ఒక్కటే: 'ఈవినింగ్ బీకన్' పత్రిక, మూడు గంటల ఎడిషన్, నాలుగో పేజీ, 'సంఘంలో రాకపోకలు' అనే కాలమ్.

ఆ కాలమ్ చదివేవాళ్లు ఎవరంటే అందులో పేర్లున్నవాళ్లు, పేర్లు లేవని కుళ్లుకునేవాళ్లు. ఫలానా ప్రభువు సతీసమేతంగా బ్రైటన్‌కి 'మోటర్డ్'. ఫలానా జనరల్ గారి వితంతువు డెవన్‌కి 'మోటర్డ్'. మోటారు అన్న మాటను పట్టుకుని, దాన్నే వెళ్లడమన్న మాటగా మార్చి వాడడం ఇంగ్లీషు పత్రికలకి ఒకప్పుడు పెద్ద మురిపెం. కార్లున్నవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే ఉన్న రోజుల్లో అది పుట్టింది. బ్యాంకు గుమాస్తా పెళ్లాం పిల్లలతో రైలెక్కి అదే బ్రైటన్ వెళితే దానికో మాటా లేదు, వార్తా లేదు. అదే గుమాస్తా ఏదైనా కారు కింద పడితే ఉంది: 'పాదచారి మోటారు తగిలి మరణించెను.' మోటారులో ఉన్నవాడికి ఒక పేజీ, దాని కిందున్నవాడికి ఇంకో పేజీ.

ఇప్పుడు కసాయివాడికీ చిన్న ఆస్టిన్ కారు ఉంది కాబట్టి మిగతా పత్రికలన్నీ ఆ మాట వదిలేశాయి. బీకన్ మాత్రం పట్టుకుని వేలాడుతోంది. అందుకే హార్బాటిల్ దాన్ని ఎంచుకున్నాడు. 'మిసెస్ ఆబ్రీ ఫెన్' అని లేని మనిషిని ఒకామెను పుట్టించాడు. మిసెస్ ఫెన్ ఏదో ఊరికి 'వెళ్లారు' అని పడితే, ఇంట్లోనే ఉండు. 'మోటర్డ్' అని పడితే, సాయంత్రం ఆరింటికి మనం అనుకున్న మలుపు దగ్గరికి రా, కారు వస్తుంది. ఏమీ పడకపోతే, కదలకు.

ఆ మలుపు ఎక్కడో హార్బాటిల్‌కి, లెనార్ట్‌కి తప్ప ఎవరికీ తెలియదు, నోటుబుక్కులో మాత్రం రాసి ఉంది. నోటుబుక్కు ఇప్పుడు వాళ్ల దగ్గరుంది. వాళ్లకిక కావలసింది ఒకే ఒక్క మాట అచ్చులో పడడం.

---

సెయింట్ జేమ్స్ పార్కు వెనక, ఎండుద్రాక్ష దిగుమతిదారులమని బోర్డున్న ఇంట్లో, మేడ మీద గదిలో డిపార్ట్‌మెంట్ పెద్ద కర్నల్ స్ట్రోడ్ పాస్క్ చెప్పిందంతా నిలబడే విన్నాడు. విని టెలిఫోన్ తీశాడు. బీకన్‌లో ఆ కాలమ్ రాసేది మిస్ కోరిసాండ్ వేల్. ఒక ఎర్ల్ ప్రభువు గారి మేనకోడలు. ఆమె టోపీ ఎటు వంచి పెట్టుకుంటే లండన్ ఆడవాళ్లంతా మర్నాటికి అటే వంచుతారు. రెండేళ్లుగా డిపార్ట్‌మెంట్ మనిషి. మిసెస్ ఫెన్ కబుర్లు కాలమ్‌లో ఇరికించేది ఆమే. నోటుబుక్కు సంగతి తెలిసిన మూడో మనిషీ ఆమే.

కర్నల్ చావు కబురు చెప్పాడు. రిసీవర్‌లో సన్నగా ఏడుపు పాస్క్‌కి కూడా వినిపించింది. ఆ ఏడుపు మధ్యలోంచి ఆమె చెప్పిన సంగతి కర్నల్ ఫోన్ పెట్టేసి పాస్క్‌కి అందించాడు. హార్బాటిల్ పొద్దున తొమ్మిదిన్నరకి ఆమెకి ఫోన్ చేశాడట. ఇవాళ్టికి 'మోటర్డ్' వెయ్యమన్నాడట. ఆమె రాసి కిందికి పంపేసింది కూడా.

"అయితే ముసలాయన పోయేముందే ఏర్పాటు చేసి పోయాడు. కారు ఆయనే చూసుంటాడు" అన్నాడు కర్నల్.

పాస్క్ ఒక అడుగు ముందుకేశాడు. "సార్, పొద్దున ఎనిమిది నుంచి ఆయన ప్రాణం పోయేదాకా నేను పక్కనే ఉన్నాను. ఫారింగ్‌డన్ రోడ్డులో కాఫీ హోటల్లో కూర్చున్నాం. వేయించిన చేప తిన్నాడు, రెండు కప్పుల టీ తాగాడు. టెలిఫోన్ ముట్టుకోలేదు. శనివారం దాకా లెనార్ట్‌ని కదిలించేది లేదన్నాడు. శనివారం ముందే అనుకున్న ప్రకారం అతనే పదీ ఇరవై రైలుకి విక్టోరియా స్టేషన్‌లో దిగుతాడన్నాడు. ఆమె అబద్ధం చెబుతోంది."

"ఎవరు?"

"మిస్ వేల్."

కర్నల్ అతని బూట్ల వైపు చూశాడు. అవి దుమ్ముకొట్టుకుని ఉన్నాయి.

"పాస్క్, నువ్వు బడి ఎన్నో ఏట మానేశావు?"

"పదమూడో ఏట సార్."

"మిస్ వేల్ వాళ్ల నాన్న, నేను ఒకే రెజిమెంట్. నీకో ప్రశ్న. ఇద్దరూ కలిసి రోడ్డు దాటారు. కారు ఆయన్నే ఎందుకు గుద్దింది? నిన్నెందుకు వదిలింది?"

పాస్క్ షూ లేసు కట్టుకోవడానికి రెండడుగులు వెనక ఆగాడు, అంతే. నిజం చెబితే ఇంకా అబద్ధంలా ఉంటుంది.

నాలుగు గంటలకి విచారణ అన్నారు. అప్పటిదాకా పక్క గదిలో కూర్చోమన్నారు. తలుపు దగ్గర కాపలా పెట్టారు. తీరంలో ఉన్న లెనార్ట్‌కి పేపరు ఐదింటికి అందుతుంది. ఆరింటికి మలుపు దగ్గర నిలబడతాడు. నాలుగింటికి పాస్క్ నిర్దోషి అని తేలినా, దోషి అని తేలినా ఒకటే.

జేబులో డిపార్ట్‌మెంట్ వాళ్లు సంతకం పెట్టించుకుని ఇచ్చిన ఫౌంటెన్ పెన్ను ఉంది. క్లిప్పు నొక్కితే మత్తు గ్యాసు వస్తుందన్నారు. పాస్క్ లేచి తలుపు తీసి, కాపలావాడి ముఖానికి గురిపెట్టి నొక్కాడు. సిరా వచ్చింది. నీలి సిరా. ఎవరో స్టోర్స్‌లో పెన్నులు తారుమారు చేశారు. ఆయుధాల కథ ఈ ఆఫీసులో ఎప్పుడూ ఇంతే. కాపలావాడు కళ్లు నులుముకుంటూ తిట్లు లంకించుకునేలోపు పాస్క్ బొగ్గు మోసే వెనక మెట్ల మీంచి వీధిలో పడ్డాడు.

ఒంటిగంటా ఇరవై. బస్సెక్కాడు.

---

బీకన్ బిల్డింగ్ అతనికి కొత్త కాదు. పద్నాలుగో ఏట అప్రెంటిస్‌గా చేరి, ఏడేళ్లు ఇక్కడే సీసం పొడి పీల్చాడు. యుద్ధంలో డిపార్ట్‌మెంట్ అతన్ని ఎత్తుకుపోయింది కానీ, అక్షరాలు కూర్చే కంపోజిటర్ల సంఘం కార్డు మాత్రం వదల్లేదు. దొంగ పేర్లు పదహారు మార్చాడు, ఆ కార్డు మీదున్న పేరు ఒక్కటే అసలుది.

ముందు సబ్ ఎడిటర్ల గదికి వెళ్లాడు. కాలమ్ దిద్దేది గ్రిమ్‌వుడ్ అనే ముసలాయన. దీపం వెలుగు కళ్లలో పడకుండా నుదుటికి ఆకుపచ్చ కళ్లనీడ పెట్టుకుని, జేబుగుడ్డలో చుట్టుకొచ్చిన జున్ను రొట్టె తింటున్నాడు. బ్రహ్మచారి. ఆ 'మోటర్డ్' మీద అతనికి పెళ్లాం మీదున్నంత ప్రేమ. ఎడిటర్లు నలుగురు మారారు, నలుగురూ దాన్ని తీసెయ్యమన్నారు, నలుగురితోనూ పోట్లాడి నిలబెట్టాడు.

పాస్క్ తనెవరో చెప్పలేడు. మిసెస్ ఫెన్ మోటారులో వెళ్లలేదని, ఒట్టిగా 'వెళ్లారు' అని వెయ్యమని, దీని మీద ఒక ప్రాణం ఉందని మాత్రం బతిమాలాడు.

గ్రిమ్‌వుడ్ రొట్టె పక్కన పెట్టాడు. "చూడు బాబూ, మిసెస్ ఫెన్ లేదని నాకూ తెలుసు. రెండేళ్లుగా ఆవిడ ఎక్కడికో ఒకచోటికి వెళుతూనే ఉంటుంది, ఒక్కసారి కూడా తిరిగొచ్చినట్టు పడలేదు. మిస్ వేల్‌కి ఎవరో పిచ్చి అత్త ఉందనుకుని ఊరుకున్నాను. నేను కామా మారుస్తాను. ఎవరు ఎలా వెళ్లారన్నది నేను మార్చను. దాని మీద మిస్ వేల్ పొడి సంతకం ఉంది."

"తప్పు పడితే?"

"తప్పయితే రేపు సవరణ వేస్తాం."

రేపు. పాస్క్‌కి ఆ మాట వింటే ఏడుపొచ్చింది. ఎడిటర్ ఎక్కడని అడిగాడు. క్లబ్బులో భోజనానికి వెళ్లాడు. ఎప్పుడొస్తాడు? పుడింగ్‌ని బట్టి ఉంటుందన్నాడు గ్రిమ్‌వుడ్.

రెండూ ఐదు. పాస్క్ మెట్లు దిగి కంపోజింగ్ హాల్లోకి వెళ్లాడు.

హాలు మారలేదు. అదే వేడి, అదే సీసం కరిగే వాసన, ఒక్కో లైనునీ ఒకే సీసపు కడ్డీగా పోతపోసే లైనోటైప్ మెషిన్ల టకటకలు వరసగా. మధ్యలో పేజీలు కూర్చే పొడుగాటి ఇనప బల్ల. పూర్వం రాతిది ఉండేది కాబట్టి ఇప్పటికీ దాన్ని రాయి అనే అంటారు. దాని తలాపున సంఘం పెద్ద ఇనాక్ టాప్లీ నిలబడి ఉన్నాడు. డెబ్బైకి దగ్గరపడ్డాడు, మీసం పసుపెక్కింది, చేతిలో కొయ్యసుత్తి. పాస్క్‌కి అక్షరం పట్టుకోవడం నేర్పింది ఆ చెయ్యే. తప్పు చేసినప్పుడు వేళ్ల మీద కొట్టిందీ అదే.

"ఒరే విల్ఫ్, చచ్చిపోయావని ఎవరో చెప్పారే" అన్నాడు టాప్లీ.

"పొరపాటు పడి ఉంటారు మామా. ఇవాళ ఒక పూట పని ఉందా?"

టాప్లీ కార్డు తీసుకుని, వెనక్కి తిప్పి, మళ్లీ ముందుకి తిప్పి చూశాడు. ఒక ఏప్రన్ విసిరాడు. నాలుగో పేజీ దగ్గర మనిషి తక్కువగా ఉన్నాడని చెప్పాడు. దేవుడున్నాడని పాస్క్ చాలా ఏళ్ల తర్వాత అనుకున్నాడు. కాసేపే.

నాలుగో పేజీ ఇనప చట్రంలో పరుచుకుని ఉంది. అక్షరాలు తిరగేసి ఉంటాయి, చదవడం అతను ఇంకా మర్చిపోలేదు. కాలమ్‌లో ఆరో లైను. మిసెస్ ఆబ్రీ ఫెన్, వించెస్టర్‌కి, మోటర్డ్. వేలెడు పొడుగు సీసపు కడ్డీ. దాని మీద లెనార్ట్ నిలబడి ఉన్నాడు.

పాస్క్ చుట్టూ చూసి మొనదేలిన దబ్బనంతో ఆ కడ్డీ అంచు లేపాడు. మణికట్టు మీద ఇనప పట్టకారులా చెయ్యి పడింది.

"గుర్తుందో లేదో చెప్పు. పైనుంచి రాసి పంపిన కాపీలో ఏముంటే అదే వేస్తాం" అన్నాడు టాప్లీ.

"మామా, ఇది పడితే ఒక మనిషి చస్తాడు."

"ఎవరు చెప్పారు?"

"నేను చెబుతున్నాను."

టాప్లీ అతని ముఖంలోకి చూశాడు. నమ్మాడో లేదో తెలియలేదు. "దిద్దిన ప్రూఫ్ మీద పైవాళ్ల సంతకం తీసుకురా, నా చేత్తో నేను తీస్తాను. సంతకం లేకుండా లైను మార్చానంటే ఇన్నాళ్లూ ఈ బల్ల దగ్గర నిలబడి నేను కాపాడిందంతా ఏమైనట్టు? వాళ్లు మన అక్షరాలు ముట్టుకోరు, మనం వాళ్ల మాటలు ముట్టుకోం. ఒప్పందం అదే. తెలిసి కూడా ఇలాంటి పని చేస్తావా?"

చెయ్యి వదిలాడు కానీ పక్కనుంచి కదల్లేదు.

రెండూ ముప్పై ఐదు. చట్రం బిగించడానికి పదిహేను నిమిషాలుంది. బిగించాక మూసకి వెళుతుంది, మూస నుంచి రేకు, రేకు నుంచి మెషిను. మూడున్నరకి వ్యాన్లు విక్టోరియా చేరతాయి. మూడూ నలభైకి తీరం రైలు. చట్రాన్ని ఎత్తి కింద పడేద్దామా అనుకున్నాడు. ఇద్దరు మనుషులు లేనిదే అది లేవదు. లేచినా, పదిమంది చేరి పావుగంటలో మళ్లీ కూర్చేస్తారు, ఆ లైనుతో సహా, అప్పటికి తను పోలీసు స్టేషన్లో ఉంటాడు.

బొగ్గు కొట్టులో లెనార్ట్ ఒక రాత్రి అడిగిన మాట గుర్తొచ్చింది. ఆ పేపర్లో అబద్ధాలు రాయరు కదా అని అడిగాడు. రాస్తారు, కానీ ఆ కాలమ్‌లో రాయరు, దాన్ని పట్టించుకునేవాడెవడూ లేడు అని పాస్క్ నవ్వించాడు. నవ్వితే ఇద్దరికీ దగ్గొచ్చింది.

అప్పుడే హాల్లో మెషిన్ల చప్పుడు ఒక్క పిసరు తగ్గింది. ఆడమనిషి వస్తే తగ్గినట్టు తగ్గింది.

---

మిస్ కోరిసాండ్ వేల్ లేత ఆకుపచ్చ సిల్కు గౌనులో, చేతి తొడుగులు విప్పి పట్టుకుని, సీసం బల్లల మధ్య నుంచి నడిచి వస్తోంది. ఆరేళ్లుగా ఆమె కాలమ్ ఈ హాల్లోకి పైనుంచి కాగితాలు పంపే గొట్టంలో పడి వచ్చేది. ఆమె ఎప్పుడూ రాలేదు. కంపోజిటర్లకి ఆమె అంటే గొట్టం చివర వచ్చే కాగితం వాసన, అంతే. ఇవాళ తన లైను పడిందో లేదో కళ్లారా చూసుకోవడానికి దిగి వచ్చింది. కర్నల్ కాపలా నుంచి పాస్క్ తప్పించుకున్న కబురు ఆమెకి అందిందన్న మాట.

బల్లకి అవతలి పక్క ఆగింది. పాస్క్‌ని చూసింది. కనురెప్ప కూడా కదల్లేదు.

"పేజీ ఎప్పుడు వెళుతుంది?" అని టాప్లీని అడిగింది.

"పది నిమిషాల్లో, మిస్."

"నా కాలమ్ చెక్కుచెదరకుండా ఉండాలి. ఈ మనిషి ఎవరో నాకు తెలుసు. మతి సరిగా లేదు. పోలీసులు వెతుకుతున్నారు."

"కార్డు సరిగానే ఉంది, మిస్" అన్నాడు టాప్లీ.

పాస్క్ ఆమె చేతుల్ని చూశాడు. తెల్లటి వేళ్లు, గులాబీ రంగు గోళ్లు. ఆ చేతులు బల్ల అంచు మీద ఆనించి ఉన్నాయి. అంచు మీద. ఏ పత్రికలోనైనా పనిచేసే మనిషి, ఆఫీసు ఊడ్చేవాడితో సహా, రాయి దగ్గరికొస్తే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడతాడు. ఎడిటర్ కూడా. ఆమె కట్టుకోలేదు. ఆమెకి తెలియదు. ఈ హాల్లో పుట్టిన పిల్లికి కూడా తెలిసిన సంగతి ఎర్ల్ గారి మేనకోడలికి ఎవరూ చెప్పలేదు, ఆమె ఎవరినీ అడగలేదు.

ఒకే ఒక్క ఎత్తు. తప్పితే లెనార్ట్ లేడు.

దబ్బనం గుచ్చి ఆరో లైను కడ్డీని ఒక్క ఊపులో పైకి లాగాడు. టాప్లీ "ఒరే" అనేలోపు దాన్ని బల్ల మీద, చట్రం బయట, ఆమె చేతికి అందేంత దూరంలో పెట్టాడు. పెట్టి, కడ్డీలు కరగబెట్టే మూకుడు వైపు చూశాడు.

"దీన్ని మూకుట్లో వేసేస్తున్నాను మామా. నన్ను తర్వాత సంఘం నుంచి తీసెయ్" అన్నాడు. చెయ్యి చాచాడు, కావాలనే నెమ్మదిగా.

ఆమె అతనికంటే వేగంగా ఉంది. వంగి, కడ్డీని లాక్కుని, ఆరో లైను ఖాళీలో తన చేత్తో దూర్చింది. ఐదు వేళ్లతోనూ అదిమింది. వేళ్లు నల్లబడ్డాయి.

మొదట పక్క బల్ల దగ్గర సుత్తి ఆగింది. తర్వాత దాని పక్కది. లైనోటైప్ మెషిన్లు వరసగా, ఈ చివరి నుంచి ఆ చివరికి, ఒక్కొక్కటే ఆగుతూ వచ్చాయి.

టాప్లీ కొయ్యసుత్తిని బల్ల మీద మూడుసార్లు కొట్టాడు.

"సంఘం సమావేశం. తలుపులు వెయ్యండి."

ఫోర్‌మన్ పరిగెత్తుకొచ్చి బతిమాలాడు. ఇంకో మనిషి పైకి పరిగెత్తి క్లబ్బుకి ఫోన్ చేశాడు. టాప్లీ ఎవరి మాటా వినిపించుకోలేదు. సంఘంవాడు కానివాడు అక్షరం ముట్టుకున్నాడు, ముట్టుకున్నవాళ్లు క్షమాపణ చెప్పేదాకా ఈ హాల్లో సుత్తి లేవదు, అంతే అన్నాడు. ముట్టుకున్నది ఎవరైనా ఒకటే. అతని తాత కాలంలో ఒకసారి పత్రిక యజమానే ముట్టుకుని, టోపీ తీసి క్షమాపణ చెప్పాడు.

అప్పటికి రెండూ యాభై. మిస్ వేల్ అప్పుడే మూడు మాటలు అనేసి ఉంటే కథ వేరే. మూడే మాటలు. లెనార్ట్ ప్రాణం ఆ మూడు మాటల దూరంలో వేలాడింది. పాస్క్ ఆమె పెదవుల వైపు చూస్తూ నిలబడ్డాడు.

ఆమె టాప్లీని ఏప్రన్ నుంచి బూట్ల దాకా చూసింది.

"ఒక సీసం ముక్క ముట్టుకున్నందుకు నీకు నేను క్షమాపణ చెప్పాలా?"

హాలంతా ఒక్కటే నవ్వు. సంతోషంతో నవ్విన నవ్వు కాదు అది. వెనక నుంచి ఎవడో, అమ్మగారికి ఇవాళ తీరిక ఉన్నట్టుంది, కుర్చీ వెయ్యండిరా అన్నాడు. ఇంకొకడు టీ కెటిల్ పొయ్యి మీద పెట్టాడు. ఆ కెటిల్ చూడగానే ఫోర్‌మన్ తల పట్టుకుని కూర్చున్నాడు.

మూడింటికి ఆమె ముఖం మారింది. మూడూ పదికి క్షమాపణ చెప్పింది, ముందు మామూలుగా, తర్వాత బతిమాలుతూ. ఇప్పుడు అది సరిపోలేదు. సీసం ముక్క అన్న మాటకి కూడా వేరే చెప్పాలన్నారు. దాని మీద ఇద్దరు మాట్లాడతామన్నారు. మూడోవాడు ఆ ఇద్దరూ మాట్లాడకూడదని తీర్మానం పెట్టాడు. తీర్మానాన్ని చేతులెత్తి తేల్చాలి. జీవితమంతా సంఘం సమావేశాల్ని తిట్టుకున్న పాస్క్ ఆ రోజు ప్రతి తీర్మానానికీ రెండు చేతులూ ఎత్తాడు. ఒకటే లెక్కపెడతామన్నారు.

గోడ గడియారంలో ముల్లు మూడూ నలభై మీదికి వచ్చింది. దాటింది. విక్టోరియా నుంచి తీరం రైలు పేపర్లు లేకుండా కదిలిపోయింది.

పాస్క్ బల్ల మీదికి వంగాడు. తల ఎత్తేసరికి ఆమె లేదు. తలుపు తెల్లరంగు చెక్క మీద, పిడి పక్కన, ఐదు నల్లటి వేళ్ల గుర్తులున్నాయి.

ఆమె ముట్టుకున్న లైనుని టాప్లీ పట్టకారుతో తీసి మూకుట్లో పడేశాడు. సంతకం ఉన్న కాపీ కదా అని ఫోర్‌మన్ అడిగితే, బయటివాళ్లు ముట్టుకున్నది మా దృష్టిలో అచ్చు కాదు, చెత్త అన్నాడు. తర్వాత పాస్క్ దగ్గరికి వచ్చి నెమ్మదిగా, "ఆ మనిషి బతికాడా?" అని అడిగాడు.

"శనివారం తెలుస్తుంది మామా."

---

పాస్క్‌ని అరెస్టు చెయ్యడానికి నాలుగున్నరకి కర్నల్ స్వయంగా వచ్చాడు. ఆగిపోయిన మెషిన్లు చూశాడు. ఎందుకాగాయని అడిగాడు. మిస్ వేల్ ఆరేళ్లలో మొదటిసారి కిందికి దిగి, ఒక్క లైను కోసం సొంత చేతులు మసి చేసుకుందని పదిమంది పది రకాలుగా చెప్పారు. కర్నల్‌కి వేరే లోపాలు ఎన్నున్నా, మరీ మూర్ఖుడు కాదు. తలుపు మీది వేళ్ల గుర్తుల ముందు కాసేపు నిలబడి, ఫోన్ ఎక్కడుందని అడిగాడు.

క్రాయిడన్ విమానాశ్రయంలో ఐదూ ఇరవై విమానానికి వరసలో నిలబడిన ఆడవాళ్లలో, ఆ ఎండలో, తెల్లటి చేతి తొడుగులు వేసుకున్నది ఒక్కామే. విప్పమన్నారు. ప్రెస్సు ఇంకు సబ్బుకి పోదు. ఆమె పెట్టెలో హార్బాటిల్ నోటుబుక్కు దొరికింది. ఆ తర్వాత నల్ల కారూ దొరికింది, బూడిదరంగు కోటూ దొరికింది, తీరం రోడ్డు మలుపులో ఎవరి కోసమో ఎదురుచూస్తూ.

శనివారం పదీ ఇరవై రైలు తొమ్మిది నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. ఆ తొమ్మిది నిమిషాల్లో పాస్క్ ఏం అనుభవించాడో రాయడానికి మాటలు లేవు. చివరి పెట్టెలోంచి లెనార్ట్ దిగాడు. చంకలో మడిచిన శుక్రవారం బీకన్. పాస్క్‌ని చూసి హార్బాటిల్ ఏడని అడగలేదు, ముఖం చూసి గ్రహించాడు.

"గురువారం పేపరు రాలేదు. దుకాణానికి మూడుసార్లు వెళ్లాను" అన్నాడు.

"ప్రెస్సులో చిన్న గొడవ జరిగింది" అన్నాడు పాస్క్.

స్టేషన్ టీ కొట్లో అతని ముందు ఇరవై ఫోటోలు పరిచాడు. లెనార్ట్ పద్దెనిమిది పక్కకి తోసి, పంతొమ్మిదో దాని మీద వేలు పెట్టాడు. ఫ్యాక్టరీ మెట్ల మీద ఈమె ఇంకో టోపీ పెట్టుకుందన్నాడు.

గోల ఇష్టం లేక కర్నల్ ఒక్క లైను వార్త చాలన్నాడు. సోమవారం 'సంఘంలో రాకపోకలు' కింద, మిస్ కోరిసాండ్ వేల్ లండన్ విడిచి వెళ్లారు అని పడింది. గ్రిమ్‌వుడ్ దిద్దిన ప్రూఫ్ తీసుకుని టాప్లీ స్వయంగా మేడెక్కాడు, పాస్క్ వెనక నిలబడ్డాడు. పోలీసు వ్యానుకి మాత్రం మోటారు లేదా, ఇన్నాళ్లు కాపాడుకున్న మాట ఇక్కడెందుకు వెయ్యలేదు అని టాప్లీ ఎకసెక్కెమాడాడు.

గ్రిమ్‌వుడ్ కళ్లనీడ సర్దుకున్నాడు. "ఆ మాట ఎటు వెళ్లాలో డ్రైవరుకి చెప్పగలిగినవాళ్లకే వేస్తాం" అన్నాడు.

పాస్క్ హార్బాటిల్ అంత్యక్రియలకి బస్సులో వెళ్లాడు. అది ఏ పేపర్లోనూ పడలేదు.